బడి ఆవరణలోనే పురుగుల పాఠం: మొదటి రోజు నుంచి ఏం చేయాలి, ఎలా చేయాలి

ఆహారపు గొలుసు పాఠం వచ్చిందంటే మనం బోర్డు మీద గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని రాసి మధ్యలో బాణాలు గీస్తాం. పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాస్తారు, మార్కులూ వస్తాయి, కానీ మిడత గడ్డి తింటుంటే నిలబడి చూసినవాళ్లు ఆ క్లాసులో ఎంతమంది ఉంటారో అడిగి చూడండి. ఇదంతా కాంపౌండ్ గోడ పక్కనే రోజూ జరుగుతూ ఉంటుంది. చూపించడానికి అడవికి పోనక్కర్లేదు, జూకి బస్సు మాట్లాడనక్కర్లేదు. ఒక్క చోటు ఎంచుకుని అదే చోటికి వారం వారం తీసుకెళ్లాలి, అంతే. ఏడాదికో పెద్ద పిక్నిక్ కన్నా నలభై నిమిషాల పీరియడ్లు ఎనిమిది బాగా పనిచేస్తాయి, ఎందుకంటే పురుగుల సంగతి ఒక్క రోజులో కనపడేది కాదు. పోయిన వారం గుడ్డుగా ఉన్నది ఈ వారం ఏమైందో చూసినప్పుడే పిల్లాడికి ఆసక్తి పుడుతుంది.

ఆరు నుంచి తొమ్మిది తరగతుల సైన్స్ టీచర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇంట్లో పిల్లలతో చేయాలనుకునే తల్లిదండ్రులకు కూడా చాలావరకు పనికొస్తుంది. క్లాసు వదిలి బయటికి ఎందుకని హెడ్మాస్టర్ గారు అడిగితే, 2020 జాతీయ విద్యా విధానంలోనే ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది బ్యాగు లేని రోజులు ఉండాలని రాసి ఉందని చెప్పండి. మీ బడిలో జాతీయ హరిత దళం (పర్యావరణ పనులు చేసే పిల్లల క్లబ్బు) ఉంటే ఇంకా సులువు, ఆ పేరు మీదే నడిపించేయొచ్చు.

ముందు మీరొక్కరే వెళ్లండి

పిల్లల్ని తీసుకెళ్లడానికి వారం ముందు మీరు ఒక్కరే ఆవరణంతా ఒక చుట్టు తిరగండి. మొక్కల కోసం చూడండి, పురుగులు వాటంతటవే దొరుకుతాయి. గోడ పక్కన జిల్లేడు ఉందా, మధ్యాహ్న భోజనం షెడ్డు దగ్గర కరివేపాకు చెట్టు ఉందా, ఎవరైనా వేసిన చిక్కుడు పాదో బెండ మొక్కలో ఉన్నాయా, వేప చెట్టు కింద ఊడ్చకుండా వదిలేసిన ఆకులు ఉన్నాయా. ఈ నాలుగింటిలో రెండు ఉంటే మీకు ఏడాదికి సరిపడా పాఠాలు ఉన్నట్టే. ఒకటీ లేకపోతే ఒక కుండీలో కరివేపాకు, ఒక మూల గడ్డి చామంతి పెరగనివ్వండి, అవి ఎదిగే రెండు నెలల్లో మిగతా పాఠాలు పూర్తి చేసుకోండి.

అదే చుట్టులో ప్రమాదాలు కూడా చూసుకోవాలి. ఇక్కడ మాత్రం బద్ధకం పనికిరాదు. చెట్టు కొమ్మకో వాటర్ ట్యాంకు కిందో పెద్ద తేనెపట్టు వేలాడుతుంటే ఆ వైపు అసలు వెళ్లొద్దు. ఆ తేనెటీగలు ఒకటి కుడితే మిగతావి కూడా వెంటపడతాయి. కిటికీ మూలల్లో కందిరీగల గూళ్లు చూడండి. వయ్యారిభామ ఉన్న చోట పిల్లల్ని కూర్చోబెట్టకండి, దానివల్ల కొందరికి దురదలు, తుమ్ములు, ఆయాసం వస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది కాబట్టి ఆ మొక్కను చూడొచ్చు గానీ తుంచకూడదు. ఆముదం గింజలు నోట్లో పెట్టకూడదని ముందే చెప్పాలి. మునగ చెట్టు మొదలు మీద గుంపులుగా ఉండే బొచ్చు పురుగులు తగిలితే రాత్రంతా దురద, ఆ చెట్టు దగ్గర గోడకు ఆనుకుని నిలబడటం కూడా వద్దనండి.

ఎవరికైనా తేనెటీగ కుడితే ఇంతకుముందు ఒళ్లంతా వాచిందా అని తల్లిదండ్రులను అడిగి రాసుకోండి. కుట్టిన తర్వాత పెదాలు, ముఖం వాచినా, ఊపిరి అందక ఇబ్బంది పడుతున్నా సున్నం రాస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంకో సంగతి, ఆవరణలో గడ్డి మందో పురుగుల మందో ఈమధ్య కొట్టారేమో స్వీపర్‌ని అడగండి. కొట్టి ఉంటే ఆ నెల ఆ చోటు మర్చిపోండి.

ఎప్పుడు వెళ్లాలి

జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి నవంబరు దాకా మంచి కాలం. తొలకరి పడ్డ మర్నాడు అయితే ఇంకేం కావాలి, ఉసుళ్ల రెక్కలు వరండా నిండా రాలి ఉంటాయి, ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీద నడుస్తుంటాయి. ఆరుద్ర కార్తె జూన్ చివర్లో వస్తుంది, సరిగ్గా ఆ రోజుల్లో సిలబస్ పక్కన పెట్టి అయినా ఒక పీరియడ్ బయటికి తీసుకెళ్లండి, ఆ పురుగు మళ్లీ ఏడాది దాకా కనపడదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో తూనీగలు గుంపులుగా తిరుగుతాయి. మార్చి వచ్చాక ఎండకి పురుగులూ తగ్గుతాయి, పిల్లలూ నీరసపడతారు.

రోజులో అయితే పొద్దున మొదటి రెండు పీరియడ్లు. ఎండ కాస్త తగిలాక సీతాకోకచిలుకలు రెక్కలు విప్పుకుని కూర్చుంటాయి, అప్పుడు దగ్గరికి వెళ్లినా తొందరగా ఎగరవు. మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్తే నీడ కోసం కొట్టుకోవడం తప్ప ఏమీ జరగదు.

సామాను

కొనాల్సింది ఒక్కటే, భూతద్దం, అది కూడా గుంపుకి ఒకటి చాలు. మిగతావన్నీ ఇళ్లలో ఉండేవే: పాత సైకిల్ టైరు, లేత రంగు పాత గొడుగు, మూతకి చిల్లులు పెట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు, మెత్తటి పెయింట్ బ్రష్, రెండు గ్లాసులు, తెల్ల కాగితాలు, పెన్సిలు. బ్రష్ ఎందుకంటే చిన్న పురుగుని వేళ్లతో పడితే నలిగిపోతుంది, బ్రష్‌తో మెల్లగా తోస్తే డబ్బాలోకి దానంతటదే నడుస్తుంది. వల కొనొద్దనే చెప్తాను. చేతిలో వల ఉంటే పిల్లలు పరిగెత్తుతారు, పరిగెత్తితే ఏమీ చూడరు.

సీతాకోకచిలుకల్ని పట్టి గుండుసూదులు గుచ్చి అట్టపెట్టెలో పెట్టే పాత పద్ధతి ఇంకా కొన్ని చోట్ల ప్రాజెక్టు పేరుతో నడుస్తోంది. అది అసలు చేయించకండి. కొన్ని సీతాకోకచిలుకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఏది ఆ జాబితాలో ఉందో ఏది లేదో ఏడో తరగతి పిల్లాడికి తెలియదు. అది పక్కన పెట్టినా, చచ్చిన పురుగు ఏం తింటుందో, దాన్ని ఏది తింటుందో చూపించలేం కదా.

మొదటి పీరియడ్: పేర్లు చెప్పకండి

క్లాసులో నలభై మంది ఉంటే ఐదారుగురి చొప్పున గుంపులు చేయండి. ఒక్కరే చూసుకోవడం కష్టం, ఖాళీ పీరియడ్ ఉన్న ఇంకో టీచర్‌ని బతిమాలుకోండి, లేదా పదో తరగతి పిల్లల్ని గుంపుకొకరిని పెట్టండి. బయటికి వెళ్లే ముందే మూడు మాటలు చెప్పాలి: చేత్తో పట్టుకోవద్దు, ఏది తీసినా ఎక్కడ తీశామో అక్కడే వదలాలి, రాళ్లు టీచర్ మాత్రమే లేపుతారు. ఇంకా ఎక్కువ రూల్స్ పెడితే ఒక్కటీ గుర్తుండదు.

రాయి లేపడానికి ఒక పద్ధతి ఉంది. చేతులు కిందికి పెట్టకుండా గునపం కొనతోనో గట్టి కర్రతోనో అవతలి అంచుని పైకి లేపి రాయిని మీ వైపుకి వంచాలి. అప్పుడు కింద తేలు ఉన్నా జెర్రి ఉన్నా అవతలికి పోతుంది, మీ కాళ్లకు రాయే అడ్డం. పిల్లలందరూ మీ వెనకే ఉండాలి. చూశాక రాయిని నెమ్మదిగా యథాస్థానంలో పెట్టేయాలి, ఎందుకంటే అది వాటి ఇంటి పైకప్పు.

ఇక మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఒక్కో గుంపు ఒక్కో చోట కూర్చుని కదిలేవన్నీ చూడాలి, అంతే. మొదటి రెండు నిమిషాలు నవ్వులు, గిల్లుకోవడాలు ఉంటాయి, పట్టించుకోకండి. తర్వాత ఎవరో ఒకరు చీమని చూస్తారు, అది మోస్తున్నది ఏంటని పక్కవాడు వంగుతాడు. అప్పుడు కాగితాలు ఇచ్చి, చూసినవాటిలో ఒక్కదాన్ని బొమ్మ వేయమనండి. బొమ్మ బాగుండక్కర్లేదు. కాళ్లు ఎన్ని, ఒంటికి భాగాలు ఎన్ని, రెక్కలు ఉన్నాయా, తల మీద మీసాలు ఉన్నాయా అన్నవి తప్పకుండా ఉండాలి. ఇదే అసలు పాఠం. బొమ్మ వేయాలంటే లెక్కపెట్టాలి, లెక్కపెట్టాలంటే దగ్గరగా చూడక తప్పదు.

క్లాసుకి వచ్చాక బోర్డు మీద రెండు గడులు గీసి, ఆరు కాళ్లవి ఒక వైపు, కానివి ఇంకో వైపు రాయించండి. చీమ, మిడత, తూనీగ, కందిరీగ, పేడ పురుగు, సీతాకోకచిలుక ఒక వైపు పడతాయి. సాలీడుకి ఎనిమిది కాళ్లు, కాబట్టి అది కీటకం కాదు. అందరూ పురుగు అనే ఆరుద్రకీ ఎనిమిదే, అది సాలీళ్ల చుట్టం. జెర్రికి ఒక్కో ఖండానికి ఒక జత, రోకలిబండకి చాలా ఖండాల్లో రెండేసి జతలు. గొంగళి పురుగు దగ్గర గొడవ వస్తుంది, దానికి ఆరు కన్నా ఎక్కువ కాళ్లున్నాయి సార్ అంటారు. రానివ్వండి. ముందున్న మూడు జతలే నిజమైన కాళ్లు, వెనక ఉన్నవి పట్టు కోసం ఉన్న మెత్తటి బుడిపెలు, సీతాకోకచిలుక అయ్యాక అవి ఉండవు అని అప్పుడు చెప్తే ఎప్పటికీ మర్చిపోరు.

పేర్లు మాత్రం చివర్లో. అది కూడా ముందు పిల్లలు ఇంట్లో ఏమంటారో అది రాయించి, తర్వాతే పుస్తకంలో పేరు. ముందే మీరు పేరు చెప్పేస్తే చూడటం అక్కడితో ఆగిపోతుంది.

జిల్లేడు దగ్గర మూడు వారాలు

నన్నడిగితే మన తెలుగు నేల మీద జీవావరణం చెప్పడానికి జిల్లేడుని మించిన మొక్క లేదు. ఎవరూ నీళ్లు పోయరు, ఎవరూ మందు కొట్టరు, మేకలు కూడా పెద్దగా ముట్టవు, కాబట్టి దాని మీద జరిగేది ఎవరి జోక్యం లేకుండా జరుగుతుంది. మొదటి వారం ఒక మొక్కని ఎంచుకుని దానికో రిబ్బన్ కట్టి, దాని మీద ఎవరెవరు ఉన్నారో జాబితా రాయించండి.

లేత కొమ్మల మీద పసుపు రంగులో చుక్కలు చుక్కలుగా కనపడేది పేనుబంక. భూతద్దం పెడితే అవి గుడ్లు కాదని, కాళ్లున్నాయని, మూతి కాడలో గుచ్చి రసం పీలుస్తున్నాయని తెలుస్తుంది. వాటి చుట్టూ చీమలు తిరుగుతుంటాయి. చీమలు వాటిని తింటున్నాయా అని అడగండి, అందరూ అవునంటారు. ఇంకా కాసేపు చూడమనండి. చీమ తన మీసాలతో పేనుబంకని తడితే అది వెనక నుంచి ఒక తియ్యటి చుక్క వదులుతుంది, చీమ దాన్ని తాగుతుంది. మనం పాడిపశువుని చూసుకున్నట్టు చీమలు వాటిని కాపలా కాస్తాయి. అదే కొమ్మ మీద ఎర్రగా గుండ్రంగా నల్ల మచ్చలతో అక్షింతల పురుగు ఉండొచ్చు, అది పేనుబంకని తినేది. దాని పిల్ల పురుగు మాత్రం నల్లగా ముళ్లముళ్లుగా ఉంటుంది, దాన్ని చూసి ఇదేదో చెడ్డ పురుగు అని నలిపేయబోతారు. అది రోజుకి పదుల కొద్దీ పేనుబంకని తినేస్తుందని అప్పుడే చెప్పాలి.

రెండో వారం చిన్న ప్రయోగం. పేనుబంక సుమారుగా ఒకేలా ఉన్న రెండు కొమ్మలు చూసుకోండి. ఒకదాని మొదట్లో సెల్లో టేపు చుట్టి దాని మీద వేజలైన్ దట్టంగా రాయండి. పాలు కారే మొక్క కాబట్టి ఈ పని మీరే చేయండి, అయ్యాక చేతులు కడుక్కోండి. కొమ్మ మీద అప్పటికే ఉన్న చీమల్ని బ్రష్‌తో దులిపేయండి, ఆ కొమ్మ పక్క కొమ్మకి గానీ గోడకి గానీ తగలకుండా చూడండి, లేకపోతే చీమలు వంతెన వేసుకుని వచ్చేస్తాయి. రెండో కొమ్మని అలాగే వదిలేయండి. ఏమవుతుందో ముందే పిల్లల చేత ఊహ రాయించండి, ఇది ముఖ్యం. మర్నాటి నుంచి రోజూ ఇద్దరు పిల్లలు వెళ్లి రెండు కొమ్మల మీదా పేనుబంక ఎంత ఉందో చూసి, అక్షింతల పురుగుల్ని, వాటి పిల్లల్ని లెక్కపెట్టి రాయాలి. చీమల కాపలా లేని కొమ్మ మీద పేనుబంక తగ్గే అవకాశమే ఎక్కువ. ఒక్కోసారి తగ్గదు కూడా, వాన పడి రెండూ కొట్టుకుపోవచ్చు. అలా అయితే అలాగే రాయమనండి, ఫలితం మార్చి రాయొద్దనండి.

మూడో వారం గొంగళి పురుగులు. నలుపు, తెలుపు, పసుపు చారలతో, ఒంటి మీద మూడు జతల నల్లటి తీగలతో కనపడేది ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక పిల్ల. అంత రంగు రంగులుగా ఆకు మీద బహిరంగంగా కూర్చుంటే పిట్టలు ఎందుకు తినవు అని అడిగి వదిలేయండి, జవాబు చెప్పకండి. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లోకి చేరుతుంది, చేదు రుచి చూసిన పిట్ట ఇంకోసారి ఆ రంగు జోలికి రాదు అన్నది మర్నాడు చెప్పొచ్చు. తినే ముందు ఆకు ఈనెని కొరుకుతుందేమో గమనించమనండి. అదే మొక్క మీద పసుపు, నీలం చారల మిడత కూడా కనపడుతుంది, దాని పిల్లల్ని కదిలిస్తే ద్రవం చిమ్ముతాయి, ముఖం దగ్గరగా పెట్టొద్దనండి. పూల మీద గుయ్యిమంటూ వచ్చే నల్లటి లావుపాటి తుమ్మెదలే ఆ పూలకి పరాగ సంపర్కం చేసేవి. తొమ్మిదో తరగతి వాళ్లకైతే ఇంకో చిక్కుముడి ఇవ్వొచ్చు: డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో సీతాకోకచిలుకలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లాగే ఉంటుంది, దానికి చేదు లేకపోయినా. ఎందుకో వాళ్లే చెప్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలు బడిలో మోనార్క్ సీతాకోకచిలుకని మిల్క్‌వీడ్ మీద పెంచుతుంటారు. మోనార్క్ మన ప్లెయిన్ టైగర్‌కి దగ్గరి బంధువు, మిల్క్‌వీడ్ మన జిల్లేడు కుటుంబమే. అక్కడ వాళ్లు మొక్క కొని మరీ చూపించే పాఠం ఇక్కడ చెత్తకుప్ప పక్కన ఉచితంగా ఉంది.

టైరు లెక్క

ఇది లెక్కల టీచర్‌కి కూడా నచ్చే పని. సైకిల్ టైరుని సిమెంటు నేల అంచున, పొట్టిగా కోసిన గడ్డిలో, కోయని గడ్డిలో, వేప చెట్టు కింద ఆకుల్లో, ఇలా నాలుగు చోట్ల పెట్టి, ఒక్కో చోట ఐదు నిమిషాల్లో టైరు లోపల కనపడిన జీవుల రకాలు ఎన్ని, ఒక్కో రకం ఎన్ని అని రాయాలి. అన్ని చోట్లా అదే టైరు, అదే సమయం, అదే గుంపు. ఎందుకు మార్చకూడదో పిల్లల్నే అడగండి. క్లాసుకి వచ్చాక దిమ్మె చిత్రం గీయించండి. శుభ్రంగా ఊడ్చిన చోట దాదాపు ఏమీ ఉండదు, మనం చెత్త అనుకునే చోట రకాలు ఎక్కువ ఉంటాయి.

వేపాకుల కింద ఉన్నవి కంటికి ఆనవు. వాటికి ఒక ఉపాయం: లీటరు వాటర్ బాటిల్‌ని మధ్యకి కోసి, పై సగాన్ని తలకిందులుగా గరాటులా కింది సగంలో పెట్టండి. మూతి దగ్గర దోమతెర ముక్క, దాని మీద తడి ఆకులు గుప్పెడు, పైన ఒక బల్బు. వేడికీ వెలుతురుకీ లోపలి జీవులు కిందికి జరిగి బాటిల్ కింది సగంలో పడతాయి. బల్బు ఆకులకి తగలకూడదు, దాన్ని వదిలేసి ఇంటికి పోకూడదు.

నేల మీద రాత్రి తిరిగేవాటి కోసం ఒక గ్లాసుని అంచు నేలకి సమానంగా ఉండేలా పాతిపెట్టి, పైన నాలుగు గులకరాళ్ల మీద ఒక పెంకు ముక్క ఆనించి సాయంత్రం వదిలేయండి. నీళ్లు పోయొద్దు. పొద్దున ప్రార్థనకి ముందే చూసి, రాసుకుని, వదిలేయాలి. ఎండెక్కేదాకా ఉంచితే లోపలివి చచ్చిపోతాయి, ఒకదాన్నొకటి తినేస్తాయి కూడా. శని, ఆదివారాలు గ్లాసు తీసేయాలి.

గొడుగు సంగతి చెప్పనే లేదు. తిరగేసి పొద కింద పట్టుకుని కొమ్మని కర్రతో రెండుసార్లు తడితే, ఆకుల రంగులో కలిసిపోయి మనకి కనపడనివి గొడుగులో రాలతాయి.

కరివేపాకు మీద పెంపకం

లేత కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్టలా కనపడేది చాలాసార్లు రెట్ట కాదు, గొంగళి పురుగు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. బ్రష్‌తో తాకితే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది, క్లాసంతా ఒకసారి అరుస్తుంది.

ఒక్కటి లేదా రెండు మాత్రమే తెచ్చి పెంచండి. వెడల్పాటి డబ్బా, మూత బదులు దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండు. కొమ్మని చిన్న నీళ్ల సీసాలో పెట్టి మూతిలో దూది కూరండి, లేకపోతే పురుగు జారి నీళ్లలో పడి చస్తుంది. ఆకులు ఏ మొక్క నుంచి తెచ్చారో ఆ మొక్కవే రోజూ తాజాగా వేయాలి, బజారులో కొన్న కరివేపాకు వద్దు, మందు అవశేషాలు ఉండొచ్చు. పెంటికలు రోజూ దులిపేయాలి. ఈ పనికి రోజుకి ఇద్దరి చొప్పున డ్యూటీ చార్టు వేయండి, సెలవు రోజుల్లో ఎవరింటికి వెళ్తుందో కూడా అందులోనే రాయండి.

గొంగళి దశ సుమారు రెండు మూడు వారాలు, ప్యూపా (తిండి మానేసి కదలకుండా ఉండే దశ) పది రోజుల పైన, వేడిని బట్టి అటూ ఇటూ అవుతుంది. బయటికి వచ్చేది ఎక్కువగా పొద్దున పూటే. రెక్కలు ముడతలు పడి ఉంటాయి, అవి ఆరి గట్టిపడేదాకా ముట్టుకోకూడదు. కింద పడే రంగు ద్రవం రక్తం కాదని ముందే చెప్పండి.

ఒక్కోసారి ప్యూపాకి చిన్న చిల్లు పడి అందులోంచి బుల్లి బుల్లి కందిరీగలు వస్తాయి, సీతాకోకచిలుక రాదు. పిల్లలు ఏడుస్తారు. మోసపోయినట్టు ఫీలవుతారు. ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా విలువైన రోజు అదే, దాన్ని దాచిపెట్టకండి. తల్లి కందిరీగ అందులో గుడ్లు పెట్టింది, దాని పిల్లలు లోపలే తిని పెరిగాయి. ఇలాంటివి లేకపోతే కరివేపాకు చెట్టుకి ఒక్క ఆకు కూడా మిగలదు అని లెక్క వేయించండి: ఒక సీతాకోకచిలుక వంద గుడ్లు పెడితే, అన్నీ బతికితే, మూడో తరానికి ఎన్ని?

పొలంబడి చార్టు

వ్యవసాయ శాఖ వాళ్లు రైతులకి నడిపే పొలంబడి గురించి మీ ఊళ్లో వినే ఉంటారు. దాని మూలం ఇండోనేషియాలో ఉంది. అక్కడ వరిలో మందులు విపరీతంగా కొట్టాక దోమపోటు (మనల్ని కుట్టే దోమ కాదు, వరి రసం పీల్చే పురుగు) తగ్గకపోగా పెరిగింది, ఎందుకంటే ఆ దోమని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులనే పురుగులు ముందు చచ్చాయి. 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది, 1989 నుంచి రైతుల్ని పొలం గట్టు మీద కూర్చోబెట్టి, పైరులో ఏమున్నాయో వాళ్ల చేతే చూపించి, బొమ్మలు గీయించి నేర్పడం మొదలైంది. అదే పద్ధతి పిల్లలకి చక్కగా సరిపోతుంది.

బడి పక్కన వరో పత్తో ఉంటే రైతుని అడిగి ఒకరోజు వెళ్లండి. మందు ఎప్పుడు కొట్టారని అడగకుండా కాలు పెట్టొద్దు. ఈమధ్యే కొట్టి ఉంటే ఇంకో చేనికి వెళ్లండి. పది మొక్కలు చూసి వచ్చి, పెద్ద చార్టు మధ్యలో మొక్క బొమ్మ గీసి, ఎడమ వైపు మొక్కని తినేవి, కుడి వైపు వాటిని తినేవి, ఒక్కోటి ఎన్ని కనపడ్డాయో అంకెలతో సహా గీయించండి. పైన ఆ రోజు వాన, ఎండ రాయాలి. ఎటూ చేరనివి కూడా ఉంటాయి, వాటిని కింద పెట్టండి. చివర్లో గుంపు ఒక మాట చెప్పాలి: నువ్వే రైతువైతే ఈరోజు మందు కొడతావా, ఆగుతావా, ఎందుకు?

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. క్లాసులో సగం మంది నాన్నలు మందు కొట్టేవాళ్లే. మందు కొట్టేవాళ్లు తప్పు చేస్తున్నారన్నట్టు చెప్తే పిల్లాడు ఇంటికెళ్లి నాన్నతో గొడవ పడతాడు, లేదా మీ మాట నమ్మడం మానేస్తాడు. పైరు పోతే అప్పు ఎవరు తీరుస్తారన్నది వాళ్లింట్లో నిజమైన టెన్షన్. అందుకని తీర్పు చెప్పకుండా ప్రశ్నలు ఇంటికి పంపండి: మీ చేలో లింగాకర్షక బుట్టలు (మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేవి) పెడతారా, పసుపు జిగురు అట్టలు ఎందుకు కడతారు, చేను చుట్టూ బంతి ఎందుకు వేస్తారు, తాతయ్య చిన్నప్పుడు ఏం చేసేవారు? జవాబులతో వచ్చే పిల్లల దగ్గర మనం నేర్చుకునేదే ఎక్కువ. వీలైతే ఒక రైతునే పిలిచి ఆ చార్టు ముందు నిలబెట్టండి.

దోమలు, చిన్నగా

వాడేసిన కొబ్బరి చిప్పలోనో టైరులోనో నిలిచిన నీళ్లలో వంకర్లు తిరిగే దోమ పిల్లల్ని సీసాలో తీసుకుని, మూతికి దోమతెర రెండు పొరలు గట్టిగా కట్టి క్లాసులో పెడితే కొద్ది రోజుల్లో ప్యూపా దాకా దశలు కనపడతాయి. వారానికోసారి నిలవ నీళ్లు పారబోసే డ్రై డే ఎందుకంటారో ఎవరూ చెప్పక్కర్లేదు. ప్యూపాలు కనపడగానే సీసాని ఎండలో మట్టి మీద పారబోసేయండి, దోమలు అయ్యేదాకా ఆగొద్దు.

మార్కులు, ఫోన్లు

పరీక్షలో పురుగుల పేర్లు అడగకండి. నోట్‌బుక్‌కి మార్కులు వేయండి: తేదీ, చోటు, సమయం, వాతావరణం ఉన్నాయా, చూసింది ఒక వైపు, అనుకున్నది ఇంకో వైపు విడిగా రాశారా, కనీసం ఒక ప్రశ్న ఉందా. "ఈ చీమలు గుడ్లు మోసుకుని పైకి ఎందుకు వెళ్తున్నాయి" అని రాసినవాడికి పది పేర్లు రాసినవాడి కన్నా ఎక్కువ ఇవ్వండి.

పురుగు పేరు తెలియకపోతే మీ ఫోన్‌లో ఫోటో తీసి గూగుల్ లెన్స్‌లోనో ఐనాచురలిస్ట్‌లోనో చూడొచ్చు, అకౌంటు మీదే ఉండాలి, ఫోటోలో పిల్లల ముఖాలు పడకూడదు. మొదటి జవాబుని నమ్మేయకండి, అది చాలాసార్లు వేరే దేశపు పురుగుని చూపిస్తుంది. 2020 నుంచి ఏటా సెప్టెంబరులో దేశమంతా బిగ్ బటర్‌ఫ్లై మంత్ పేరుతో సీతాకోకచిలుకల లెక్క జరుగుతోంది, మీ పిల్లలు చూసినవి కూడా అందులో చేర్చొచ్చు.

చివరి పని, గడ్డి కోసే వాళ్లతో

ఇన్ని వారాలు చూసిన జిల్లేడుని ఆగస్టు పదిహేనుకి ముందు శ్రమదానంలో ఎవరో నరికేస్తారు, ఇది ఎక్కడైనా జరిగేదే. అందుకని జూన్‌లోనే హెడ్మాస్టర్ గారితో, స్వీపర్‌తో, స్కూల్ కమిటీ వాళ్లతో మాట్లాడి గోడ వెంబడి రెండు మీటర్ల వెడల్పున ఒక పట్టీని కోయకుండా, కాల్చకుండా, మందు కొట్టకుండా వదలమని అడగండి. పాములొస్తాయి అని తప్పకుండా అంటారు, ఆ భయం అబద్ధం కాదు కూడా. ఆ పట్టీని తరగతి గదులకీ, బాత్రూములకీ, నీళ్ల కుళాయికీ దూరంగా పెట్టండి, పిల్లలు నడిచే దారి మాత్రం నున్నగా కోయించండి, రాళ్ల కుప్పలు ఉండనివ్వకండి. నాలుగు కర్రలు పాతి తాడు కట్టి, ఏడో తరగతి పరిశీలన స్థలం అని పిల్లల చేతే బోర్డు రాయించి పెట్టండి. వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే గ్లవుజులు వేసుకుని పెద్దవాళ్లు పీకేయాలి. మిగతాదంతా దాని మానాన దాన్ని పెరగనివ్వండి.